మాస్టరుగారి మొదటి ఓకే

డాన్స్ మాస్టరుగా నేను ఒక్కసారి తప్ప మొదటి టేకు ఓకే చెయ్యలేదు. ఎంత బాగా ఆడినా "ఇంకొకటి" అంటాను. ఆడదాన్ని, ఆ మాత్రం మొండితనం లేకపోతే హీరోలు నెత్తికెక్కి కూర్చుంటారు.

ఆ రోజు సినిమాలో పెళ్ళి పాట. చివర్లో హీరో హీరోయిన్‌ని గిర్రున తిప్పి ఆపి, "బుజ్జీ, పెళ్ళి చేసుకుందామా?" అనాలి. హీరోగారు మేకప్ గదిలోంచి ఎంతకీ రాలేదు. ఈలోగా లైట్లు సరిచూసుకుందామని హీరో స్థానంలో కెమెరామన్ నిలబడ్డాడు, హీరోయిన్ స్థానంలో నేను. ఇన్ని సినిమాలు కలిసి చేసినా, పని మాట తప్ప మరో మాట ఎరగని మనిషాయన.

నన్ను తిప్పాడు. కాలు తొక్కాడు. ఆగి, "మాస్టరుగారూ, పెళ్ళి చేసుకుందామా?" అన్నాడు.

"డైలాగు తప్పు. బుజ్జీ అనాలి. కాళ్ళు చూసుకుని మళ్ళీ చెయ్యండి," అన్నాను విసుగ్గా.

మళ్ళీ తిప్పాడు. ఈసారి తొక్కలేదు. "మాస్టరుగారూ, పెళ్ళి చేసుకుందామా?"

"చెవుడా మీకు? బుజ్జీ అనాలని..."

నిచ్చెనల మీద లైట్‌మెన్ నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. పక్కన కుర్చీలో కూర్చున్న హీరోయిన్ ఇక ఉండబట్టలేక, "అక్కా, ఆయన అడుగుతున్నది మిమ్మల్నే!" అంది.

అప్పటికి వెలిగింది నాకు. నా చేతిలో ఆయన చెయ్యి చెమటతో తడిసిపోయి ఉంది.

"ఇంకొకటి చెయ్యమంటారా?" అన్నాడు భయం భయంగా.

"అక్కర్లేదు," అన్నాను. "కాలు తొక్కిన మొదటిదే ఓకే."