మిషనమ్మ మూటలు

వంటింటి పై అర దింపి తుడవాలి. మూత లేని డబ్బాలనూ, డబ్బా లేని మూతలనూ ఏరి వదిలించుకోవాలి. మంచం కిందున్న మూడు పెట్టెలు బయటికి లాగాలి. నాన్న పాత యూనిఫారాల్లో మోచేతులు చిరగనివి రెండు ఉంచి మిగతావి ఇచ్చేయాలి. తలుపు వెనక మేకుకి తగిలించిన సంచిలో ఉన్న సంచులు, ఆ సంచుల్లో ఉన్న సంచులు తీయాలి. ఆగిపోయిన గోడగడియారం బాగు చేయించాలి, లేదంటే దింపేయాలి. మిషను గది ఖాళీ చేయాలి.

ఈ జాబితా చెప్పింది పిన్ని, రాసింది జడ్జి. చివరి మాట దగ్గర జడ్జి కలం ఆగింది.

"మిషను గది అంటే?"

"అంటే ఏముంది, మిషను ఉన్న గది. అందులో కాలు పెట్టే చోటు లేదు."

"అందులో ఎవరూ కాలు పెట్టక్కర్లేదు."

"రాయి తల్లీ. రాస్తే అరిగిపోదుగా. నాకు రాయడం వస్తే నిన్ను అడిగేదాన్నా?"

జడ్జి అంటే నిజంగా జడ్జి కాదు. గ్రంథాలయంలో పుస్తకాల వీపులకు నంబర్లు అంటించే ఉద్యోగం ఆమెది. ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి. చిన్నప్పటినుంచీ ఎవరేమన్నా "సాక్ష్యం ఏది?" అని అడిగేది కాబట్టి బస్సు డ్రైవరైన తండ్రి ఆ పేరు పెట్టాడు. ఆమె తల్లి నాలుగేళ్ల కిందట పోయింది. బట్టలు కుట్టేది, వీధంతా మిషనమ్మ అనేవాళ్లు. సంతకం కూడా రాని మనిషి, కూతురి చదువంతా ఆ మిషను మీదే నడిపింది. తండ్రిని రెండో పెళ్లి చేసుకుని పిన్ని ఆ ఇంటికి వచ్చి ఏడాదిన్నర. లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది.

జాబితాలో ఒక్కొక్కటీ కొట్టివేత పడుతూ వచ్చింది. వంటింట్లో ఏ డబ్బా ఎక్కడుందో కళ్లు మూసుకుని తీయొచ్చు. మంచం కిందికి చీపురు వెళుతోంది. సాయంత్రం ఉద్యోగం నుంచి వచ్చి కూర్చుంటే, ఇదివరకు ఇంట్లో తిరిగే చిరాకు ఎక్కడికి పోయిందో తెలియడం లేదు. జడ్జికి నిద్ర కూడా బాగా పడుతోంది. ఆ మాట పైకి ఒప్పుకుంటే పిన్ని గెలిచినట్టవుతుందని ఒప్పుకోలేదు.

మిషను గదిలో గోడ పొడవునా మూడు అరల చెక్క స్టాండు. దాని మీద నలభై మూడు మూటలు. ఒక్కోటీ పాత గుడ్డలో చుట్టి, రంగు దారంతో కట్టి, దారానికి ఒక బొత్తాం వేలాడదీసి ఉన్నవి. తల్లి చేతి కట్టు. తండ్రి నాలుగేళ్లుగా "మీ అమ్మవి, ముట్టుకోకండి" అనేవాడు. జడ్జి ముట్టుకోకుండానే దుమ్ము దులిపేది. మనసు బాగోలేని రోజున తలుపు దగ్గర నిలబడి వాటిని చూసి వెళ్లేది.

ఒక మంగళవారం చూస్తే ముప్పై తొమ్మిది ఉన్నాయి.

రెండుసార్లు లెక్కపెట్టింది. లెక్కపెట్టడం ఆమె వృత్తి, తప్పు పోదు. మిగిలిన మూటలను ముందుకు జరిపి, ఖాళీలు కనిపించకుండా సర్ది ఉంది. చేసింది ఎవరో గాని, సర్దడం తెలిసిన చెయ్యి.

"పిన్నీ, మిషను గదిలోకి వెళ్లారా?"

"తుడవడానికి వెళ్లాను."

"తుడిస్తే దుమ్ము పోతుంది గానీ మూటలు పోవు."

పిన్ని ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టింది. "పోతే ఎక్కడికి పోతాయి, కాళ్లున్నాయా వాటికి?" అని నవ్వబోయి, నవ్వు సగంలో మింగేసింది. ఆ మింగడం జడ్జి కంట్లో పడింది.

రాత్రి డ్యూటీకి బయల్దేరుతున్న తండ్రిని అడిగితే, ఆయన బూటు లేసు కట్టుకుంటూ తల ఎత్తలేదు. "జడ్జిగారూ, ఇల్లు తేలిగ్గా ఉంది, హాయిగా ఉంది. నన్ను బోనెక్కించకండి."

"అమ్మ మూటలు నాలుగు లేవు నాన్నా."

ఆయన చెయ్యి ఆగింది. "సరిగ్గా చూడు. ఆమె అలాంటిది కాదు."

ఏ ఆమె అని అడగలేదు జడ్జి.

అనుమానం ఒకసారి ఇంట్లోకి వస్తే కుర్చీ తనే లాక్కుని కూర్చుంటుంది. పిన్నికి గురువారం సెలవు. ఆ రోజు మధ్యాహ్నం పెద్ద సంచీతో బయటికి వెళుతుందని ఎదురింటి అత్త చెప్పింది. అడగకుండానే చెప్పింది.

"నిండు సంచీతో వెళుతుంది, ఖాళీ సంచీతో వస్తుంది. నాకెందుకులే. ఇల్లు అలకగానే పండగ కాదమ్మా. ముందు డబ్బాలు, తర్వాత మూటలు, ఆ తర్వాత గోడమీది ఫోటో. రెండోది వచ్చిన ఇంట్లో మొదటిదాని వాసన ఎన్నాళ్లుంటుంది?"

"అత్తా, మీరు చూశారా, ఊహించారా?"

"చూశాను కాబట్టే ఊహించాను."

ఆ వారం జడ్జి చెత్తబుట్ట వెతికింది. నీలం దారం ముక్కలు దొరికాయి, ముడులతో సహా కత్తిరించినవి. పాతగుడ్డలు కొనేవాడికి అమ్ముతోందన్నమాట. ఇంకో రోజు తలుపు సందులోంచి చూసింది. పిన్ని కిటికీ వెలుగులో ఒక మూటను తిప్పి, దారం వేళ్లతో తడిమి, పెదవులు కదుపుతూ ఏదో గొణుక్కుంటోంది. విలువ కడుతోంది అనుకుంది జడ్జి. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగితే లోకం చూడదా? ఇప్పుడు మిగిలిన మూటలు ముప్పై ఒకటి.

నిలదీయడానికి సాక్ష్యం కావాలి. తర్వాతి గురువారం సెలవు పెట్టి, మామూలుగా ఉద్యోగానికి బయల్దేరినట్టే బయల్దేరి, మధ్యాహ్నం వీధి మలుపులో మందుల షాపు పక్కన నిలబడింది. పిన్ని వచ్చింది. బస్సు ఎక్కింది. జడ్జి వెనక తలుపులోంచి ఎక్కింది. పాతగుడ్డల బజారు స్టాపులో పిన్ని దిగుతుందనుకుంది. దిగలేదు. బస్టాండు దాటాక దిగి, సన్నటి వీధిలోకి తిరిగి, మూడంతస్తుల ఇల్లొకటి చూసి, పైకి చూపుడువేలు ఆడిస్తూ ఏదో లెక్కపెట్టుకుని మెట్లెక్కింది. జడ్జి చెప్పులు చేత్తో పట్టుకుని రెండో అంతస్తు మలుపులో ఆగింది. పైన తలుపు తట్టిన చప్పుడు.

"ఎవరు?" ఆడగొంతు.

"మిషనమ్మ ఇంటినుంచి వచ్చానమ్మా. మీ గుడ్డ."

మూట విప్పిన చప్పుడు.

"ఇదా. ఇప్పుడా. మా అబ్బాయి మొదటి ఉద్యోగానికి వేసుకోవాల్సిన చొక్కా ఇది. వాడికిప్పుడు పొట్ట వచ్చింది, జుట్టు పోయింది. ఇన్నేళ్లు ఎక్కడ దాచారు? ఆమె గుడ్డ మింగిందని ఈ వీధంతా అనుకున్నాం."

"మింగలేదమ్మా. కత్తిరించే ఓపిక లేక అట్లాగే పెట్టింది. మంచాన పడింది. కొలత చూసుకోండి, అంగుళం తగ్గదు. ఆలస్యం మాది, తిట్టండి."

"మేం అడగలేదనుకున్నావా? చనిపోయిన ఇల్లు కదా అని ఆరు నెలలు ఆగి, మా ఆయన వెళ్లాడు. వాళ్లమ్మాయి తలుపు తీసి రసీదు చూపించమందట. మిషనమ్మ ఎప్పుడైనా రసీదు ఇచ్చిందా? చదువుకున్న పిల్లట. ఇవన్నీ మా అమ్మవి, మీవేం లేవు అని తలుపేసిందట."

జడ్జి మెట్ల మలుపులో ఒక మెట్టు మీద కూర్చుంది. గుర్తుంది. పరీక్షలప్పుడు ఒకాయన వచ్చాడు. ఆయన తర్వాత ఇంకో ఇద్దరు. అమ్మ పోయిందని తెలిసి దోచుకోవడానికి వచ్చారనుకుంది. సాక్ష్యం అడిగింది. రాయడం రాని తల్లి చేతి రసీదు అడిగింది.

"ఆ పిల్లనేం అనకండి," అంటోంది పిన్ని గొంతు. "తల్లిపోయిన పిల్ల. మీకేం అనాలని ఉన్నా నన్ననండి."

తలుపు మూసుకుంది. పిన్ని కిందికి దిగుతూ, చేతిలో చెప్పులతో మెట్టు మీద కూర్చున్న జడ్జిని చూసి గోడ పట్టుకుంది.

"ఎంతసేపైంది?"

"మొత్తం విన్నాను."

పిన్ని పక్కన కూర్చుంది. ఖాళీ సంచీ మడిచి, మళ్లీ విప్పి, మళ్లీ మడిచింది. "నీ చెవిన పడకూడదనే గురువారాలు పెట్టుకున్నాను. లాండ్రీకి వచ్చే ఒకావిడ అంది, మిషనమ్మ ఇంట్లో చేరావంటగా, నీ చీరలు జాగ్రత్త అని. అందరూ నవ్వారు. నేను ఆ చేతి వంట తినలేదు, ఆ మనిషిని చూడలేదు. అయినా నాకెందుకో కడుపు మండింది. గది తుడుస్తుంటే ఈ దారాలు కనబడ్డాయి."

"దారాలేంటి?"

"చిరునామాలు. లాండ్రీలో మాకూ చదువు రాదుగా, కాలరు లోపల కుట్టు గుర్తులు వేసుకుంటాం. ఆ మాటన్నావిడ ఏ గుడ్డ ఇచ్చిందో అడిగి, వెతికి పట్టుకుంటే నీలం దారం, రెండు ముడులు. వాళ్లది బస్టాండు వైపు, రెండో అంతస్తు. నీలం అంటే ఈ వైపు వీధులు, ముడులు అంతస్తులు. బొత్తాం ఎడమకి కడితే ఎడమ తలుపు. ఎన్నో ఇల్లో బొత్తాం కన్నాల్లో దారం తిప్పిన తీరు చెబుతుంది. మొదట్లో రెండుసార్లు తప్పు తలుపు కొట్టి తిట్లు తిన్నాను." ఆగి అడిగింది. "ఇన్ని చదివావు, మీ అమ్మ రాత నీకు నేర్పలేదా?"

"మిషను దగ్గరికి వస్తే స్కేలుతో కొట్టేది. పోయి పుస్తకం పట్టుకో అనేది."

పైనుంచి ఎవరో దిగుతుంటే ఇద్దరూ పక్కకి జరిగి దారిచ్చారు.

"పిన్నీ, నువ్వు అమ్ముకుంటున్నావనుకున్నాను."

"తెలుసు. నేను కోసి తెచ్చిన దారాలు పడేసిన చెత్తబుట్టేగా, బోర్లించి వెతికి, అడుగుచెత్త పైకొచ్చేలా నింపి పెట్టావు. అంత చదివినదానివి, దొంగతనం మాత్రం రాదు నీకు."

సాయంత్రం తండ్రితో చెప్పారు. ఆయన, "దాని గుర్తులని దాచుకున్నాం. దాని పేరు పోగొట్టాం," అన్నాడు. ఆదివారం ఆయనే స్టాండు మీది మూటలు దింపి ఇచ్చాడు.

ఆ తర్వాత ఇద్దరూ కలిసి వెళ్లేవాళ్లు. దారం చదివేది పిన్ని, తలుపు కొట్టేది జడ్జి. "రసీదు అడిగింది నేనేనండీ" అని ముందే చెప్పేది. కొందరు లోపలికి పిలిచారు. కొందరు, ఇన్నాళ్లకి ఎందుకు తెచ్చారు, మా దగ్గరేం కావాలి అని సగం తలుపులోంచే అడిగారు. ఒక ముసలాయన టేపు తెచ్చి గుడ్డ మూడుసార్లు కొలిచి, ఇంకో అరచెయ్యి ఎక్కువే ఉందని తేలేసరికి ఆ ఎక్కువెక్కడిదని పోట్లాడాడు. అనుమానం ఎలా ఉంటుందో జడ్జికి తెలుసు కాబట్టి ఓపిగ్గా నిలబడింది.

మిషను గది ఖాళీ అయింది. కిటికీ తెరిస్తే వెలుగు నేల మీద మూల దాకా పడుతోంది. ఒక్క మూట మిగిలింది. బూడిదరంగు కోటు గుడ్డ, ఆకుపచ్చ దారం, నాలుగు ముడులు, కుడివైపు బొత్తాం. ఆకుపచ్చ అంటే కాలవ పక్క వీధి. అక్కడ నాలుగంతస్తుల ఇల్లు ఒకటే ఉండేదట, అది కూల్చేశారు. ఉన్నవాళ్లు ఎక్కడికి వెళ్లారో ఎవరికీ తెలియదు. పిన్ని, జడ్జి ఆ వీధిలో ప్రతి తలుపూ కొట్టారు.

ఇది చదువుతున్న మీరు ఒకప్పుడు కాలవ పక్క వీధిలో పైఅంతస్తులో కుడివైపు వాటాలో ఉన్నవాళ్లే కావచ్చు. కోటు గుడ్డ ఇచ్చి, తిరిగి రాక, ఆవిడని ఒక మాట అనే ఉంటారు. తప్పులేదు. మీరు కాకపోయినా, మీ వీధిలోనూ ఇలా పేరుపోయిన మనిషి ఒకరుంటారు. మిషనమ్మ, రాయడం రాకపోయినా, ఎవరి గుడ్డ ఎవరిదో ఒక్కటీ మరిచిపోలేదు, ఒక్కటీ వాడుకోలేదు. మిషనమ్మను అలా గుర్తుపెట్టుకోండి.