కుడిపక్క చోటు

డీజిల్ పాసైతే సంపత్ ఒక్కడే బొగ్గు లారీలు తూచే కాంటా దాకా నడిచి వెళ్ళొచ్చు. అక్కడ ఫోన్లెత్తే పని ఇస్తామన్నారు, కాకపోతే ఎవరి చెయ్యీ పట్టుకోకుండా రావాలన్నారు. ఫెయిలైతే గురవమ్మ తన క్యాంటీన్ డ్యూటీ మానుకొని మొగుణ్ణి ఎల్లకాలం నడిపిస్తూ ఉండాలి. నిన్నటిదాకా లారీ మీద ఊళ్ళు తిరిగిన మనిషికి అంతకంటే నరకం ఏముంటుంది చెప్పండి.

డీజిల్ అంటే కుక్క. లారీ డ్రైవర్ పెంచిన కుక్కకు ఇంకేం పేరొస్తుంది మరి. ఆ డ్రైవర్ కుమారస్వామి, అతని క్లీనర్ సంపత్. మణుగూరు బొగ్గు తోలుతూ ఇద్దరూ అన్నదమ్ముల్లా బతికారు. కిందటేడు వానల్లో లారీ జారి వాగులో పల్టీ కొట్టింది. క్లీనర్ వైపు కిటికీ ఒక్కటే నీళ్ళకు పైన మిగిలింది. "నువ్వు ముందు పో, నీ యెనకాలనే వస్త" అంటూ కుమారస్వామి సంపత్‌ను బయటికి నెట్టాడు. సంపత్ తల బండకు కొట్టుకొని చూపు పోయింది. కుమారస్వామి రానేలేదు, తెల్లారి శవాన్ని తీశారు. ఆ తర్వాత డీజిల్ వచ్చి సంపత్ గడపలో పడుకుంది. తాడు చేతికిస్తే చాలు, కాలనీ అంతా తనే తిప్పేది.

"ఎదిగిన కుక్కకు గుణం పడితే పడ్డట్టే అన్నా, అందుకే ముందుగాల పరీక్ష పెట్టి చూస్తం" అంది పుష్పలత. చూపులేనివారికి తోడు కుక్కలను తయారుచేసే సంస్థ తరఫున ఖమ్మం నుంచి వచ్చిన మనిషి ఆమె.

డీజిల్ వెనక స్టీలు ప్లేటు పడేసింది. ఎదురుగా గొడుగు ఠపీమని తెరిచింది. చెవులు లాగింది, పంజాలు నొక్కింది, ముక్కు ముందు కోడిముక్క విసిరింది. డీజిల్ కదలలేదు.

"ఇంట్ల కూరగిన్నె మీద మూత ఉండనియ్యదు. మేడం ముందర చూడు, ఎంత బుద్ధిమంతురాలో" అంది గురవమ్మ. సంపత్ నవ్వాడు.

ఆఖరిది నడక. తాడు సంపత్ ఎడమచేతిలో, పుష్పలత, గురవమ్మ వెనక. సందు మలుపు తిరగగానే కుడిపక్కన ఆ చప్పుడు మొదలైంది. తెగిన చెప్పు నేలకు రాసుకుంటున్న చప్పుడు. ఏడాదిగా ఉన్నదే. కుమారస్వామి తెగిన చెప్పు ఏనాడూ కుట్టించుకున్న పాపాన పోలేదు. పిచ్చి పట్టిందంటారని సంపత్ ఈ మాట పెళ్ళాంతో కూడా అనలేదు.

కాలనీ వెనకగేటు దగ్గర డీజిల్ ఆగిపోయింది. పశువులు రాకుండా మనిషి ఒక్కడు మాత్రం పట్టేలా పెట్టిన ఇనుప గేటు అది. పద అన్నాడు, బతిమాలాడు, తాడు గుంజాడు. అది రాయిలా నిలబడింది.

"జంకుతున్నదా మేడం?" అన్నాడు సంపత్. జంకే కుక్క పనికిరాదని ఆమె పొద్దున్నే చెప్పింది.

పుష్పలత గేటునూ కుక్కనూ చూసింది. "జంకు కాదన్నా. సందు మొదలైన కాడ్నుంచి చూస్తున్న. నిన్ను గోడ పక్కకు పోనియ్యట్లేదు. నీ కుడిపక్క ఇంకో మనిషి పట్టేంత చోటు ఇడిచి నడుస్తున్నది. ఈ గేట్ల ఇద్దరు పట్టరని ఆగింది."

గురవమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ చప్పుడు తనకొక్కడికే వినబడుతోందనుకున్నాడు సంపత్ ఇన్నాళ్ళూ. భయమేసింది, దాని వెంటే ఏడుపొచ్చింది. వస్తానన్న మనిషి మాట తప్పలేదన్నమాట.

చెప్పు చప్పుడు అతని పక్కనే ఆగి ఉంది.

సంపత్ కుడివైపు మొహం తిప్పాడు. "స్వామన్నా, ఈపాలి నువ్వు ముందు పో" అన్నాడు. "నీ యెనకాలనే వస్త."

చెప్పు ఈడ్చుకుంటూ గేటు దాటింది. డీజిల్ తోక అతని మోకాలికి తగిలింది, ఊపుతోంది. మరుక్షణం తాడు బిగిసింది. అది ఎక్కడా తగలనివ్వకుండా అతన్ని ఆ గేటులోంచి తీసుకుపోయింది.

"పాసైంది" అంది వెనకనుంచి పుష్పలత, చాలా చిన్నగా.

అవతల దారి వెడల్పయింది. డీజిల్ మళ్ళీ కాస్త ఎడమకు జరిగి చోటిచ్చింది. ఈసారి సంపత్ కూడా తనంతట తనే జరిగాడు.