ఊదా ముద్ర కింద కన్ను

ఆదివారం లోపు చెయ్యవలసినవి:

ఒకటి, మిల్లు కార్డు మీదున్న అమ్మమ్మ ఫొటో స్కాన్ చెయ్యడం.
రెండు, దాని మీది ఊదా ముద్ర తీసెయ్యడం.
మూడు, అమ్మమ్మ బట్టలు ఏ రంగువో పెద్దమ్మను అడగడం.
నాలుగు, ఫొటోను కుంచెతో వేసిన బొమ్మలా మార్చడం.
ఐదు, మంచి కాగితం మీద ప్రింటు తీసి, అమ్మ కుట్టుమిషను ఎదురుగోడకు తగిలించడం.
ఆరు, అమ్మ కళ్ళజోడుకు కొత్త స్క్రూ.

అనుకున్నది అనుకున్నట్టు జరిగింది ఆరోది ఒక్కటే.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని నేను. ఒక స్టూడియోలో ఫొటోలను రంగుల బొమ్మల్లా మార్చే పని చేస్తాను. కంప్యూటరులో ఒక్క మీట నొక్కితే ఫొటో అంతా కుంచె గీతలైపోతుంది. ఓపిక ఉంటే, కంప్యూటరుకు తగిలించిన పలక మీద పెన్నుతో ఒక్కో గీతా మనమే వెయ్యొచ్చు. ఓపికకు గిరాకీ తక్కువ కాబట్టి మేం మీటే నొక్కుతాం.

అమ్మకు నాలుగేళ్ళప్పుడే అమ్మమ్మ పోయింది. అమ్మకు ఆ ముఖం గుర్తులేదు. ఇంట్లో మిగిలింది ఒక్కటే ఫొటో. నూలు మిల్లు వాళ్ళిచ్చిన కార్డు మీద, బొటనవేలి గోరంత. మిల్లు ముద్ర సరిగ్గా ఎడమ కంటి మీద పడింది.

"వాడి చెయ్యి విరగ, ముద్ర కొట్టడానికి ఇంకెక్కడా జాగా దొరకలేదా?" అని అమ్మ ఎవరో తెలియని ఆ మనిషిని ఇన్నేళ్ళుగా తిడుతూనే ఉంది. ఈసారి మాత్రం నన్ను పట్టుకుని, "ఒక్కసారి మా అమ్మ నన్ను రెండు కళ్ళతో చూస్తే చాలే" అంది. అమ్మ నన్ను ఏదైనా అడగడం అదే మొదలు.

అమ్మ గురించి ఒక సంగతి చెప్పాలి. ఆమె ఎడమ రెప్ప కొంచెం వాలి ఉంటుంది. చిన్నప్పుడు తోటిపిల్లలు "సగం మూసిన కొట్టు" అని ఏడిపించేవాళ్ళట. ఇప్పటికీ ఫొటో అంటే ముఖం పక్కకు తిప్పేస్తుంది. మా స్టూడియోలో ఒక అలవాటుంది. ఏ ముఖం వచ్చినా ముందు రెండు కళ్ళూ సమానం చేస్తాం. "తక్కెడ ముల్లులా ఉండాలమ్మా, అటూ ఇటూ ఒరగకూడదు" అని ఓనరు సార్ మొదటిరోజే నేర్పారు. అమ్మ ఫొటోలకూ నేనదే చేస్తూ వచ్చాను. ప్రేమతోనే.

స్కాన్ చేసి పెద్దది చేస్తే అమ్మమ్మ ముఖం బండలు పరిచిన నేలలా గళ్ళు గళ్ళుగా వచ్చింది. కుడికన్ను కత్తిరించి, అద్దంలోలా తిప్పి, ముద్ర మీద అతికించాను. మీట నొక్కాను. గళ్ళన్నీ రంగుల్లో కరిగిపోయాయి. గంటలో పనైపోయింది.

ఇంటికి తెచ్చి చూపించాను. అమ్మ కళ్ళజోడు తుడుచుకుని మరీ చూసింది.

"బాగుందే. చాలా బాగుంది."

"మరి నీ ముఖం అలా ఉందేంటమ్మా?"

"నన్ను చూస్తోంది గానీ, ఎరగనట్టు చూస్తోంది."

ఆ వారం మా ఇంట్లోనే ఉన్న పెద్దమ్మ కాగితం లాక్కుంది. అమ్మమ్మ పోయేనాటికి తనకు ఏడేళ్ళు. "ఏం తేడానో చెప్పలేను గానీ, అమ్మ కాదు. అంత చదువూ చదివి పక్కింటావిణ్ణి తయారుచేశావు పో!" అంది. అమ్మ నవ్వింది. ఆ నవ్వు నాకు అన్నం సయించనివ్వలేదు.

మర్నాడు మళ్ళీ మొదటికి వెళ్ళాను. నలుపూ తెలుపూ ఫొటో అయినా రంగుల్లో స్కాన్ చేస్తే, కంప్యూటరు దాన్ని ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు పొరలుగా దాచుకుంటుంది. నీలం పొర ఒక్కటే ఉంచి చూశాను. ఊదా సిరా ఉతికిన మరకలా వెలిసిపోయింది.

కింద కన్ను ఉంది.

ఏభై ఏళ్ళుగా ఎవరూ చూడని కన్ను. ఊపిరి తీస్తే చెదిరిపోతుందేమో అన్నట్టు కూర్చుండిపోయాను. రెప్ప కొంచెం వాలి ఉంది. అలవాటైన చెయ్యి కదా, పెన్నుతో రెప్పను పైకి లాగేసింది. సరిపోయిందనుకుని సేవ్ చెయ్యబోతూ ఆగిపోయాను.

ఆ లాగుడు నా చేతికి తెలుసు. ఎక్కడ పట్టుకోవాలో, ఎంత లాగాలో వెతుక్కోలేదు. ఎన్నో ఏళ్ళుగా అమ్మ ఫొటోల్లో నేను లాగుతున్నది ఆ రెప్పనే.

లాగినదాన్ని వెనక్కి వదిలేశాను. ఈసారి మీట ముట్టుకోలేదు. అమ్మమ్మ చీరదని పెద్దమ్మ చెప్పిన ఇటుకరంగు మెడ దగ్గర వేసి, మిగతాది నాలుగు రోజులు గీత మీద గీతగా దిద్దాను. సార్ వెనక నిలబడి, "ఆ కన్ను సరిచెయ్యలేదేం?" అన్నారు.

"సరిగ్గానే ఉంది సార్."

ఆయన తెరను, నన్ను మార్చి మార్చి చూశారు. లోపలికెళ్ళి, ఎవరికీ ఇవ్వని మందపాటి కాగితం తెచ్చి ప్రింటరులో తనే పెట్టారు.

ఆదివారం పొద్దున బొమ్మ గోడకెక్కింది. అమ్మ దాని మీదికి వంగి చూసి, "ఇవేంటే, అన్నీ రంగు ముద్దలు!" అంది.

"వెనక్కి రా అమ్మా. ఇంకా. ఇంకొంచెం."

గుమ్మం దాకా వచ్చాక ముద్దలన్నీ ఒక్కసారిగా మనిషైపోయాయి. ఎలా అవుతాయో నాకు తెలుసు, అది నా పని. అయినా నేనూ ఇంకో అడుగు వెనక్కి వేశాను. అమ్మ చెయ్యి మెల్లగా పైకి లేచి, తన ఎడమ రెప్ప మీద ఆగింది.

పెద్దమ్మ నేల మీద కూలబడింది. "అయ్యో, మరిచేపోయానే! మిల్లు నుంచి వచ్చి గోడకు ఆనుకుని కూర్చునేది. ఆ వాలిన రెప్ప చూసి నిద్రపోతోందనుకుని నేను బెల్లం డబ్బా దగ్గరికి వెళ్ళేదాన్ని. 'నిద్రపోలేదే, చూస్తూనే ఉన్నా' అనేది."

తర్వాత అమ్మ కుర్చీని వెలుతురులోకి జరుపుకుని కూర్చుంది.

"ఏమే, నాకో ఫొటో తియ్యి. ఎదురుగా."

తీశాను. దాన్ని సమానం చెయ్యలేదు.

చదివినవారికి ఒక మనవి. ఫోనులో ఎవరి ముఖమైనా దిద్దబోయే ముందు మా అమ్మమ్మను ఒక్కసారి తలుచుకోండి. నూలు మిల్లు, దారం చుట్టే విభాగం, కార్డు మీది టోకెన్ నంబరు నాలుగు వందల పదిహేడు. నిద్రపోతున్నట్టు కనబడుతుంది గానీ, చూస్తూనే ఉంటుంది.