ఈ రిపోర్టు ఎవరిది?

అన్నయ్య ఫోను వచ్చేసరికి చిట్టి ఆఫీసులో తన బల్ల దగ్గర కూర్చుని గోళ్ళు కొరుక్కుంటోంది. అమ్మ ఛాతీ ఎక్స్‌రే చూసి డాక్టరు ఏమంటాడోనని పొద్దున్నుంచి ఆమె ప్రాణం ప్రాణంలో లేదు.

"ఏం లేదటే చిట్టీ! ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి, హాయిగా ఇంటికి తీసుకెళ్ళమన్నారు. అమ్మ అప్పుడే నామీద అరవడం కూడా మొదలెట్టింది, అనవసరంగా భయపెట్టానని."

చిట్టి గుండెల మీంచి కొండ దిగినట్టయింది. ఫోను పెట్టేసి, కళ్ళు తుడుచుకుని, అంత మంచి కబురు చెప్పిన ఆ ఎక్స్‌రే ఒకసారి చూద్దామనుకుంది. అది ఆమె చేతిలో పనే. ఆ ఆస్పత్రి వెబ్‌సైటు రాసింది ఆమే. రోగుల ఇళ్ళవాళ్ళు ముందురోజే ఎక్స్‌రే ఫొటో అందులో పెట్టేస్తే, డాక్టరు తన కంప్యూటర్లో చూసుకుంటాడు.

ఫైళ్ళు అందుకుని దాచే చాకిరీ అంతా ఒక లైబ్రరీది. లైబ్రరీ అంటే పుస్తకాలది కాదు, ఎవరో పుణ్యాత్ములు ముందే రాసిపెట్టిన ప్రోగ్రాము. వచ్చిన ప్రతి ఫైలుకూ అది తనంతట తానే ఒక కొత్త పేరు పెట్టేది, నోరు తిరగని అక్షరాలూ అంకెలూ కలిపి. దాని మానాన దాన్ని వదిలేసి ఉంటే ఏ గొడవా లేదు. కానీ ముందుగా చూపించినప్పుడు డాక్టర్లు ఆ పేర్లు చూసి, "ఇదేం గోలమ్మా, మనుషులు చదివేలా పెట్టలేవా?" అన్నారు. చిట్టికి పెద్దవాళ్ళని కాదనడం చేతకాదు. కొరివితో తల గోక్కుంది. పేజీలో ఫోను నంబరు కింద "ఈ రిపోర్టు ఎవరిది?" అని ఒక ప్రశ్న పెట్టి, వాళ్ళు రాసిన జవాబే ఫైలు పేరయ్యేలా మార్చింది. రోగి వివరాలు పరాయివాళ్ళ కంటపడకూడదని ఫొటో అంచులు కత్తిరించే ఏర్పాటు కూడా చేసింది, అతి తెలివి. పరీక్షించి చూసినప్పుడల్లా బుద్ధిగా ఇంటిపేరుతో సహా పూర్తి పేరు రాసింది.

జనం అలా రాస్తారా? ఎవరిదని అడిగితే ఇంట్లో ఎవరైనా ఏమంటారు?

ఫోల్డరు తెరిచింది. పేజీ మొదలుపెట్టింది ఈ వారమే అయినా అప్పటికే బోలెడుమంది రోగులు. ఫైళ్ళు మాత్రం సగం తెర కూడా నిండలేదు.

అమ్మ. నాన్న. అత్తయ్య. మా ఆయన. బాబు. నాది.

ఒకే పేరుతో ఇంకో ఫైలు వస్తే పాతది పోతుంది, దాని చోట కొత్తది కూర్చుంటుంది. ఆ పని జరిగినట్టు ప్రోగ్రాము ఎవరికీ చెప్పదు కూడా. "అమ్మ" ఫైలు వచ్చింది ఈ పొద్దున. అన్నయ్య పంపింది నిన్న. మరి డాక్టరు చూసింది ఎవరి అమ్మని?

వెంటనే అన్నయ్యకి ఫోను చేసింది.

"అన్నయ్యా, అమ్మ ఎక్స్‌రే ఫిల్ము ఎక్కడుంది?"

"బీరువా మీద పడేశాను. ఇంక దాంతో ఏం పని?"

"అది తీసుకుని, అమ్మని కూడా తీసుకుని మళ్ళీ ఆస్పత్రికి వెళ్ళు. డాక్టరుగారి చేతికే ఇవ్వు. ఇప్పుడే వెళ్ళు."

"ఏమైందే? అమ్మకి ఏం చెప్పను?"

"ఏదో ఒకటి చెప్పు. నీకు దండం పెడతా, వెళ్ళన్నయ్యా!"

ఆమె పనికి సరే అన్న పక్క సీట్లోని సీనియర్ వంగి తెర చూశాడు. అతని ముఖం పాలిపోయింది. "ముందు ప్రోగ్రాములో కొత్త పేర్లు పెట్టే ఆ పాత లైను పెట్టెయ్," అన్నాడు గొంతు తగ్గించి. "ఎవరితోనూ అనకు. జబ్బున్నవాళ్ళు ఎలాగూ మళ్ళీ వస్తారు, అప్పుడు తెలుస్తుంది. ఇది బయటికి పొక్కితే మనిద్దరం రోడ్డున పడతాం."

చిట్టి ఆ లైను పెట్టింది. ఇకమీదట వచ్చేవి భద్రం. పోయినవి పోయినట్టే. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. ఆమె ఫోను వంక చూస్తూ, అది మోగకపోతే భయపడుతూ, మోగుతుందేమోనని అంతకంటే భయపడుతూ కూర్చుంది.

మోగింది. అన్నయ్య గొంతులో ఇందాకటి హుషారు లేదు.

"ఎడమవైపు మచ్చ ఉందట. ఇవాళే చేర్చుకుంటామన్నారు. ఇంకొన్నాళ్ళు ఆగితే చెయ్యి దాటిపోయేదట చిట్టీ." వెనక అమ్మ దగ్గు వినిపించింది.

చిట్టి ఏడ్చింది. తర్వాత ముఖం తుడుచుకుని, "ఎవరిది" అన్న ప్రశ్నకి "అమ్మ" అని రాసినవాళ్ళందరి ఫోను నంబర్లూ తెరమీదికి తెచ్చుకుంది. తన అమ్మకి తను ఉంది కాబట్టి సరిపోయింది. వీళ్ళకి ఎవరున్నారు? ఆ శుభ్రమైన ఊపిరితిత్తులు చివరగా పంపిన ఒక్కరివే. ఇవాళ చూపించుకున్న మిగతావాళ్ళంతా ఏమీ లేదనుకుని ఇళ్ళకి వెళ్ళిపోయారు.

"పెట్టెయ్ ఆ ఫోను," అన్నాడు సీనియర్.

ఆమె మొదటి నంబరు నొక్కింది. ఒక అమ్మాయి ఎత్తింది.

"ఆస్పత్రి నుంచా? డాక్టరుగారికి మా దండాలు చెప్పండి! మా అమ్మకి ఏం లేదన్నారు కదా, ఇవాళే అందరం కడుపునిండా తిన్నాం."

"అమ్మగారు... ఉన్నారా?" అని మాత్రం అనగలిగింది చిట్టి.

"ఉంది, ఇస్తానుండండి. అమ్మా! నీకే!"

కుర్చీ జరిగిన చప్పుడు. నెమ్మదిగా అడుగులు. మధ్యలో ఆగి, ఒక దగ్గు. ఆ దగ్గు చిట్టికి బాగా తెలుసు, కొన్నాళ్ళుగా తన ఇంట్లో వింటున్నదే. ఫోను చేతులు మారింది.

"చెప్పమ్మా," అంది అవతలి పెద్దావిడ, ఎంతో ఆప్యాయంగా.