పోతె

జమున నోట్‌బుక్కును పోలీసులు పట్టుకున్నది ఆదివారం నాడు. మరునాడు పదకొండు గంటలకు ఆమె గ్రీసు దేశంలోని ఓడల కంపెనీతో ఫోనులో మాట్లాడవలసి ఉంది.

ఆమె భర్త రాజనర్సు సిరిసిల్లలో మగ్గం పని వదిలి, బొంబాయి మీదుగా వెళ్లి ఆ కంపెనీ ఓడలో కూలీగా చేరాడు. గొలుసు తెగిపడి అతని కాలు విరిగింది. ఎనిమిది నెలలుగా గ్రీసులోని ఆసుపత్రిలోనే ఉన్నాడు. అతన్ని ఎప్పుడు పంపుతారని నేను రాసిన ఏడు ఉత్తరాలకు వచ్చిన జవాబు ఒక్కటే: భార్య స్వయంగా ఫోను చేస్తే చెబుతాం. అక్కడి గుమాస్తాకు గ్రీకు తప్ప మరో భాష రాదు. నాకు ఆ భాషను సికింద్రాబాదు కాన్వెంటులో ఒక గ్రీకు సిస్టర్ నేర్పింది. కాని ఫోనులో మాట ఇప్పుడు నా చెవికి అందదు. అందుకే కోరుట్లలో తల్లిగారింట బీడీలు చేసుకుంటున్న జమున, ఆరు వారాలుగా ప్రతి ఆదివారం బస్సెక్కి జగిత్యాలలోని మా ఇంటికి వచ్చి నేర్చుకుంటోంది.

ఆమెకు అన్నిటికన్నా అవసరమైన మాట 'పోతె'. 'పో' నొక్కి పలికితే 'ఎప్పుడు' అని. 'తె' నొక్కితే 'ఎన్నడూ లేదు' అని. ప్రశ్న అనగానే మన నోరు మాట చివరను సాగదీస్తుంది. భర్తను ఎప్పుడు పంపుతారని అడగబోయి జమున ప్రతిసారీ ఎన్నడూ వద్దన్నట్టే పలికేది.

"పోతేఏ?"

"సాగదీయకు. మొదలు నొక్కు."

"అడిగినట్టుండాలె గద టీచరమ్మా! నొక్కితె కొట్లాటకు పోయినట్టుంటది."

"కొట్లాటకే పోతున్నవు," అన్నాను.

నొక్కవలసిన అక్షరం మీద గీత పెట్టి, రెండు తీర్లా ఇరవైసార్లు రాసుకొమ్మన్నాను. అదే చేటు తెచ్చింది. నక్సలైట్ల కోసం దారిలో బస్సులు ఆపి వెతుకుతున్న రోజులవి. జమునను దించేశారని కండక్టరు కబురు చెప్పగానే ఠాణాకు వెళ్లాను.

ఎస్సై నోట్‌బుక్కును నా ముందుకు తోశాడు. "పోతె, పోతె, పోతె. ఎవడు పోతె? ఎటు పోతె? మీద గీ గీతలేంది? ఎన్ని తలలకు గురుతులు?"

"గ్రీకు భాష. గీత ఉన్నచోట నొక్కి పలకాలి."

"ఏదీ, ఆమెనే పలుకుమనుండ్రి. రెండు తీర్ల."

జమున పలికింది. భయానికి రెండూ ఒకే తీరున సాగాయి.

"రెండూ ఒక్కటే! అబద్ధం సుత సక్కగ నేర్పలే మీరు."

జమున తలెత్తింది. "సారూ, మీ అమ్మ 'ఎప్పుడు వస్తవు కొడకా' అంటది. 'ఎప్పుడూ రాకు' అంటదా? కొస గుంజితె మాట మారలేదా? గంతే గిది."

మూలన నిలబడ్డ జవాను హన్మండ్లు నవ్వాపుకోలేక, "నిజమే సార్," అన్నాడు.

ఎస్సై ఆమెను వదిలాడు, నోట్‌బుక్కును వదలలేదు. పట్టుకున్నట్టు రసీదు రాసివ్వమన్నాను. నవ్వాడు. ఆ రసీదు కోసం నేను పంపిన ఫిర్యాదులకు నేటికీ సమాధానం రాలేదు.

సోమవారం ఫోను బూత్‌లో జమున చేతిలో ఏ కాగితమూ లేదు. భర్త పేరు చెప్పి, "పోతె?" అని అడిగింది. బరువంతా మొదటి అక్షరం మీదే పడింది. తరువాత, విన్నది విన్నట్టు నాకు అప్పజెప్పింది: "దెన్ క్సేరో."

"తెలియదట," అన్నాను.

మళ్లీ అడిగింది. మళ్లీ అదే జవాబు. మూడోసారి బల్లను అరచేత్తో చరిచి అడిగింది.

"పెరిమేనెతె అంటుండు."

"ఆగమంటున్నడు."

"ఆగుత," అని జమున రిసీవరును రెండు చేతులతో పట్టుకుంది. "ఫోనైతే పెట్ట."