సగటు దొర తేల్చిన సీసం

నీళ్ళ పరీక్షల ల్యాబులో పెద్దసారును అందరూ చాటుగా ‘సగటు దొర’ అనేవాళ్ళు. ఎంత చెడ్డ అంకెనైనా పది మంచి అంకెల మధ్య కూర్చోబెట్టి బుద్ధిమంతురాలిని చేసి పంపడంలో ఆయనకు ఆయనే సాటి. దానికి ఆయన సైన్సు అని పేరు పెట్టుకున్నాడు. సిగ్గు మాత్రం ఎన్నడూ ఆయన గుమ్మం తొక్కలేదు.

పాత కాలనీలో సీసపు గొట్టాల నీళ్ళు తాగుతున్న జనం ఒంట్లో ఎంత సీసం చేరిందో తేల్చమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఎక్కువని తేలితే గొట్టాలన్నీ తవ్వి మార్చాలి. తక్కువని తేలితే పైవాళ్ళకు హాయి, దొరకు డైరెక్టర్ కుర్చీ. ఇక ఆయన ఏం తేలుస్తాడో వేరే చెప్పాలా?

రక్తం తీయడానికి కొత్తగా అద్దెకు దిగినవాళ్ళనూ, క్యాన్ నీళ్ళు కొనుక్కునేవాళ్ళనూ ఏరికోరి పట్టుకున్నాడు.

“సార్, వీళ్ళు ఆ కుళాయి నీళ్ళు తాగిందే లేదు. ఏళ్ళుగా ఉన్నవాళ్ళ పిల్లల్ని వదిలేస్తే ఎలా?” అంది పరీక్షలు చేసే అమ్మాయి.

“కాలనీలో ఉన్నారా? ఉన్నారు. మనుషులేనా? మనుషులే. ఇంకేం కావాలమ్మా నీకు?”

ఆ కాకిలెక్కకు రంగుల బొమ్మలు అద్ది, నీళ్ళవల్ల ప్రమాదం లేదని సంతకం గిలికేశాడు. పేపర్లో ఫొటో పడింది. కుర్చీ ఖాయమైంది. ఆ ఫొటో చూసుకుని తనే మురిసిపోయాడు, అదేదో చూడదగ్గ మొహమైనట్టు!

నెల తిరక్కుండానే, కడుపుతో ఉన్న ఒక్కగానొక్క కూతురు ఫోన్ చేసింది. “నాన్నా, ఇల్లు కొనేశాం, దిగిపోయాం కూడా! పాత కాలనీలోనే. నీ రిపోర్టు చూశాకే మీ అల్లుడుగారికి ధైర్యం వచ్చింది.”

దొర మర్నాడే పరిగెత్తాడు. కూతురు వంటింట్లో కుళాయి తిప్పి, గ్లాసు నింపి తెచ్చింది.

“దాహం లేదమ్మా. అది సరే, ఒక ఫిల్టర్ పెట్టించుకోకూడదూ?”

“ఎందుకు? బాగున్నాయని నువ్వే రాశావుగా.”

“రాశాననుకో… అయినా…”

కూతురు నవ్వు ఆపేసింది. “నాన్నా, ఏమైనా ఉంటే ఇప్పుడే చెప్పు. కడుపులో బిడ్డ ఉంది.”

ఒక్క మాట చాలు. ఆ మాట గొంతుదాకా వచ్చింది కూడా. చెబితే అల్లుడు అడుగుతాడు, అల్లుడు అడిగితే ఊరు అడుగుతుంది, ఊరు అడిగితే కుర్చీ పోతుంది. అంత భయంలోనూ లెక్క మాత్రం చకచకా కట్టేశాడు మహానుభావుడు.

“అబ్బే, ఏం లేదు.”

“హమ్మయ్య! హడలగొట్టేశావు,” అని కూతురు ఆ గ్లాసెత్తి గటగటా తాగేసింది.

“గోడలకు రంగు భలే కుదిరిందమ్మా,” అన్నాడు దొర.