పాస్టర్ కుబుసం

వెర్నా ఎడమ మణికట్టును నీళ్ళలో ముంచి చూసింది. పసిపిల్లకు స్నానం చేయించేంత గోరువెచ్చగా ఉన్నాయి. కుడిచేతికి సిమెంటు కట్టు. సరస్సు ఒడ్డునున్న డులూత్ ఊళ్ళో ఒక బడిలో ఇరవయ్యేళ్ళుగా ఊడ్చే మనిషి, తాను ఊడ్చాల్సిన మంచులోనే జారి పడింది. అక్క ఆర్లిస్ పోయినవారమంతా అదే తలుచుకుని నవ్వింది.

తొట్టిలో పాస్టర్ పడి ఉన్నాడు. పాస్టర్ అంటే పాము, బారెడు కూడా లేని చిన్నరకం కొండచిలువ. బడిలో సైన్సు గది మూసేసినప్పుడు దిక్కులేకుండా పోతే, వెర్నా దిండు గలీబులో వేసుకుని ఇంటికి తెచ్చింది. కడుపు నిండాక కదలకుండా ధ్యానంలో కూర్చుంటాడని ఆ పేరు పెట్టింది. ఎప్పుడూ కుబుసాన్ని మేజోడులా ఒకే ముక్కగా విడిచేవాడు. ఈసారి హీటరుకు గది గాలంతా ఎండిపోయి, అది పేలికలు పేలికలుగా ఒంటికి అంటుకుపోయింది. ఒళ్ళంతా ఒక ఎత్తు, తోక ఒక ఎత్తు. అక్కడ పాత చర్మం ఉంగరంలా బిగుసుకుంది. అలాగే వదిలేస్తే రక్తం ఆడక తోక కొస రాలిపోతుంది.

ఒంటిచేత్తో అయ్యే పని కాదు. ఇంట్లో ఉన్న రెండో మనిషేమో పన్నెండేళ్ళుగా పామున్న గది గడప తొక్కలేదు. పైగా ఈ పూట ఇల్లు వదిలి వెళ్ళిపోతోంది. అరవై దాటాక ఆర్లిస్‌కు పెళ్ళయింది. మొగుడు హాలిస్ ట్రక్కు వేసుకుని రాబోతున్నాడు. వెళ్ళొద్దని వెర్నా ఒక్కసారీ అనలేదు. అనాలని మాత్రం రోజూ అనిపించేది.

"అక్కా, ఒక్కసారి ఇలా రా."

"ఆ పురుగు బయటుందా?"

"తొట్టిలో ఉంది."

"నేను స్నానం చేసే తొట్టిలోనా? వెళ్ళేరోజు కూడా నన్ను ప్రశాంతంగా ఉండనివ్వవు కదే!"

అంటూనే వచ్చింది. గుమ్మంలో నిలబడి చెల్లెలి కట్టునీ పామునీ చూసింది. "ఏం చెయ్యాలో చెప్పు. కరిచిందంటే మాత్రం నీ పని చెప్తాను."

పాము ఒరుసుకుంటూ పాకడానికి తడి తువ్వాలు కావాలంది వెర్నా. తువ్వాళ్ళన్నీ ఆర్లిస్ పెట్టెల్లోకి వెళ్ళిపోయాయి. ఆర్లిస్ ఒంటిమీది ఉన్ని స్వెటర్ విప్పి, దాని చెయ్యి తడిపి పిండింది.

"దీనికంటే ముతకది ఈ ఊళ్ళో దొరకదు."

పాస్టర్ తలను వెర్నా అందులోకి మళ్ళించింది. ఆర్లిస్ రెండు చేతులతో బయటినుంచి వదులుగా పట్టుకుంది. పాము లోపల పాకుతుంటే తడి ఉన్నికి పేలికలు ఒక్కొక్కటే చిక్కుకున్నాయి. చివరికి తల బయటికొచ్చింది. ఒక కన్ను తెల్లగా ఉంది.

"కంటి మీద పొర ఉండిపోయింది. తీసెయ్యనా?"

"ముట్టుకోకు. లాగితే కన్నే పోతుంది. వచ్చేసారి కుబుసంతో పాటు అదే ఊడొస్తుంది."

"వచ్చేసారి ఎవరు పట్టుకుంటారే?"

"అప్పటికి నా కట్టు విప్పేస్తార్లే."

ఆర్లిస్ చెల్లెలు చెప్పినట్టే తోకను తడి బొటనవేలితో నిదానంగా రుద్దింది. ఉంగరం మెత్తబడి, మెల్లగా జారి వచ్చేసింది. కింద తోక కొస చెక్కుచెదరలేదు. వెర్నా అప్పుడు ఊపిరి పీల్చుకుంది.

ఆర్లిస్ పామును వదల్లేదు. "జిగటగా ఉంటుందనుకున్నానే ఇన్నాళ్ళూ. ఎంత పొడిగా ఉందో."

"పన్నెండేళ్ళుగా చెబుతూనే ఉన్నాను."

"గట్టిగా చెప్పాల్సింది."

ఇన్నేళ్ళూ సాయంత్రమయ్యేసరికి ఆర్లిస్ ముందుగదిలో టీవీతో, తాను తలుపేసుకుని లోపల పాముతో. ఒకే కుండలో సూపు, రెండు గదుల్లో తాగారు. ఆ తలుపు తెరుచుకోవడానికి ఇంతే చాలునని తెలిసేసరికి బయట ట్రక్కు హారన్ మోగింది.

ఆర్లిస్ పామును తొట్టిలో వదిలి చేతులు కడుక్కుంది. సిమెంటు కట్టుకు తగలకుండా చెల్లెల్ని పక్కనుంచి కావలించుకుంది. "సూపు పొయ్యి మీదుంది. మాడ్చకు."

"స్వెటర్ లేకుండా చలిలో ఎలా వెళ్తావు?"

"హాలిస్ కోటు ఉందిలే. స్వెటర్ నువ్వే ఉంచు. నీ పాస్టర్‌కి మళ్ళీ పనికొస్తుంది."

ట్రక్కు సరస్సు వైపు వాలు దిగి మలుపు తిరిగింది. వెర్నా పాస్టర్‌ను గాజుపెట్టెలో వదిలి, పొయ్యి కట్టేసి, ఒక్క గిన్నె తీసుకుంది. సూపు పోసుకోకముందే మళ్ళీ స్నానాల గదిలోకి వెళ్ళింది. తొట్టి అంచున ఆర్లిస్ స్వెటర్ నీళ్ళోడుతూ వేలాడుతోంది, దాని చేతి చివర పలుచటి కుబుసం ముక్క ఒకటి బయటికి తొంగిచూస్తోంది.